గురువారం దాకా నాన్నగారు

"ఇది నా కోసమేనా?" అన్నాడు పెద్ద ప్రభువు.

ఆయన రెండు చేతుల్లోనూ నల్ల క్రేప్ గుడ్డ ఉంది. చేతుల్లో పట్టని గజాలు టోస్ట్ పళ్లెం మీంచి, మార్మలేడ్ సీసా మీంచి జారి, బల్ల కింద పడుకున్న కుక్క మీద దాకా పరుచుకున్నాయి. కుక్క కదల్లేదు. ఆ ఇంట్లో అప్పటికి సంతాపం పాటిస్తున్నది అదొక్కటే.

హెస్టర్ తల్లి వైపు చూసింది. తల్లి ఉడికిన గుడ్డు వైపు చూసింది.

"మిమ్మల్నే అడుగుతున్నాను వియ్యపురాలా. పార్సిల్ మీద మా ఇంటి పేరే ఉంది. లోపల చీటీ కూడా ఉంది. 'కీర్తిశేషులు వెస్క్‌డేల్ ప్రభువు గారి కుటుంబానికి, ప్రగాఢ సానుభూతితో.' దస్తూరీ చక్కగా ఉంది. నేను పోయానని ముందే చెప్పుంటే రాత్రి ఆ గంజి తాగేవాణ్ణి కాదు కదా."

"అది కాదు అన్నయ్యగారూ..." అంది మిసెస్ క్లెగ్.

మామూలుగా అయితే ఆవిడ వియ్యంకుణ్ణి 'ప్రభువు గారూ' అనే పిలుస్తుంది, అదీ వీధిలో పోయేవాళ్లకి వినబడేలా. అన్నయ్యగారూ అందంటే నేరం ఒప్పుకున్నట్టే. క్రాగ్లీ ఊళ్లో తివాచీల మిల్లు నడిపిన క్లెగ్ గారి భార్య ఆవిడ. ఆయన పోయాక క్రిస్మస్‌కి మూడు రోజులు కూతురి దగ్గర ఉండి వెళదామని వచ్చింది. ఇప్పుడు ఫిబ్రవరి.

"జనవరి చలికి పోవలసినవాళ్లంతా పోతారు కదండీ. ఫిబ్రవరిలో దుకాణం వాళ్లు మిగిలిన సరుకు చవగ్గా తీసేస్తారు. నల్ల గుడ్డ, మాసినా తెలీదు. ఎప్పటికైనా అవసరపడేదే కదా అని తెప్పించాను."

"ఎప్పటికైనా," అన్నాడు ఆయన.

"అంటే మీకేం తొందర లేదు."

"సంతోషం."

"పని వాళ్ల చేతులకి కట్టుకునే నల్ల పట్టీలు కూడా కొలతలు తీసే తెప్పించాను. వృథా ఏం కాదు."

పాత్రలు తీస్తున్న పిమ్లాట్ ఒక్క క్షణం ఆగాడు. ముప్పయ్యేళ్లుగా ఆ ఇంటికి పెద్ద పనివాడు. క్రిస్మస్ మర్నాడు మిసెస్ క్లెగ్ టేపు తెచ్చి తన జబ్బ కొలిచినప్పుడు, కొత్త కోటు కుట్టిస్తుంది కాబోలని వంటమనిషికి చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ జబ్బతోనే పళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు.

పార్సిల్ అడుగున చిన్న అట్టపెట్టె ఉంది. పెద్ద ప్రభువు అదీ విప్పాడు. లోపల పేర్ల కార్డులు. పరామర్శకి వెళ్లినప్పుడు ఇళ్లలో ఇచ్చి వచ్చేవి. ఆయన ఒకటి తీసి కిటికీ వెలుతురులో పెట్టి చదివాడు.

"వెస్క్‌డేల్ కౌంటెస్." మామగారు పోయాక హెస్టర్‌కి వచ్చే బిరుదు అది. ఆయన కోడలి వైపు చూశాడు. "నువ్వేనా అమ్మాయ్?"

"అమ్మా!" అంది హెస్టర్.

"ఏంటే అమ్మా? నీ కోసమేగా! మా ఊరి మేయర్ పెళ్లానికి ఆయన మేయరయ్యాక కొత్త కార్డులు రావడానికి మూడు వారాలు పట్టింది. మూడు వారాలూ పాత కార్డులు పట్టుకుని తిరిగింది, పాపం. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చర్చికి రావడం కూడా మానేసింది. అలాంటి గతి నా కూతురికి పట్టకూడదు."

పెద్ద ప్రభువు కార్డు పెట్టెలో పెట్టేశాడు. క్రేప్ గుడ్డ చివరలు కలిపి, మడతలు సరిచేసి, కుక్క మీదున్నది కూడా లాగి బల్ల మీద పేర్చాడు. గంట కొట్టాడు. పిమ్లాట్ వచ్చాడు.

"పదకొండింటికి వేట కుక్కలు మన గేటు దగ్గరికే వస్తున్నాయి కదూ?"

"అవును దొరగారూ. ఏటా ఫిబ్రవరి మొదటి మంగళవారం ఇక్కణ్ణించే బయల్దేరతారు."

"బిషప్‌కి జీను వెయ్యమను. నేనూ వెళ్తున్నాను."

బిషప్ ఆయన గుర్రం. దానికి పంతొమ్మిదేళ్లు, ఆయనకి డెబ్బై తొమ్మిది. ఇద్దరి మోకాళ్లూ ఒకేలా చప్పుడు చేస్తాయి. ఇద్దరూ నక్కల వేటకి వెళ్లి తొమ్మిదేళ్లయింది.

"మావయ్యగారూ, బయట చినుకులు పడుతున్నాయి," అంది హెస్టర్.

"బట్టలు సిద్ధమయ్యాక మనిషి ఆలస్యం చెయ్యడం మర్యాద కాదమ్మాయ్," అని ఆయన మెట్లెక్కి పైకి వెళ్లాడు. ఒక్కో మెట్టుకి ఒక్కో దగ్గు.

హెస్టర్ ఆ దగ్గులు లెక్కపెట్టింది. ఆ ఇంట్లో అందరికీ అదే అలవాటు.

* * *

లయనెల్ పుస్తకాల గదిలో ఉన్నాడు. రెండు కుర్చీల మీద దిళ్లు నిలబెట్టి, వాటిని ప్రతిపక్షం అనుకుని ఉపన్యాసం చెబుతున్నాడు.

"ఏమండీ, మీ నాన్నగారు వేటకి వెళ్తున్నారు."

"...కాబట్టి గౌరవ సభ్యులు దయచేసి... ఏంటి?"

"గుర్రం మీద. మా అమ్మ ఆయనకి సంతాపం గుడ్డలు తెప్పించింది. ఆయన చూశారు."

లయనెల్ కాగితాలు కింద పెట్టాడు. మొహంలో రంగు దిగిపోయింది. అది తండ్రి మీద ప్రేమే. కాదనడానికి లేదు. కాకపోతే ఆ ప్రేమకి ఒక తేదీ ఉంది.

ప్రభువు పెద్ద కొడుక్కి తండ్రి ఉన్నన్నాళ్లే జనం ఎన్నుకునే కామన్స్ సభ. తండ్రి కన్ను మూసిన క్షణం నించి కొడుకే ప్రభువు. అలా ప్రభువైనవాడు కామన్స్‌లో నోరు విప్పడానికి లేదు. పెద్దల సభకి వెళ్లి, ఎర్ర తోలు బెంచీ మీద కూర్చుని, తోటి ప్రభువులతో పాటు కునుకు తీసుకోవచ్చు. ఎంత మంత్రైనా అంతే. లయనెల్ మంత్రి.

అతను ఎనిమిదేళ్లుగా పట్టుకుని తిరుగుతున్నది నీళ్ల బిల్లు. వెస్క్ నది నీళ్లు గొట్టాల్లో మళ్లించి క్రాగ్లీకి, పక్కనున్న మరో రెండు మిల్లు ఊళ్లకి ఇవ్వాలన్నది దాని సారాంశం. గురువారం సభలో ఓటింగ్. ఈ మధ్యలో తండ్రికి ఏమన్నా అయితే బిల్లు అతని కింది మంత్రి చేతికి పోతుంది. ఆ కింది మంత్రి దాన్ని ఇంతవరకూ 'ఆ మురుగు సంగతి' అనే అంటాడు.

హెస్టర్ పుట్టింది క్రాగ్లీలో. అక్కడి నీళ్లు టీ పొడి వెయ్యకముందే టీ రంగులో ఉంటాయి. ఆ నీళ్లు తాగే ఆమె తమ్ముడు ఆరేళ్లప్పుడు పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. పెళ్లయిన ఏడాది లయనెల్ బిల్లు మొదటి ముక్క రాసి, ఏం చెప్పకుండా ఆమె చేతికిచ్చాడు. అంతే.

"మధ్యాహ్నం పన్నెండింటి రైలు ఎక్కాలి నేను," అన్నాడు లయనెల్.

"ముందు మెట్లెక్కండి," అంది హెస్టర్.

ఎక్కే పని తప్పింది. పెద్ద ప్రభువే దిగి వస్తున్నాడు. ఎర్ర కోటు వేసుకున్నాడు. తొమ్మిదేళ్ల కిందటి కోటు ఇప్పుడు ఆయన్ని రెండుసార్లు చుట్టుకుంది.

"నాన్నగారూ, మీరు గుర్రం ఎక్కకూడదు."

"ఎందుకని?"

"పడతారు."

"పడితే?"

"దెబ్బ తగుల్తుంది."

"తగిలితే?"

లయనెల్ టై సవరించుకున్నాడు.

"చెప్పరా. సభలో రెండు గంటలు నిలబడి మాట్లాడతావట. పేపర్లో రాశారు. మెట్ల దగ్గర రెండు ముక్కలు రావా?"

"గురువారం ఓటింగ్ ఉంది నాన్నగారూ."

"అదీ సంగతి!" పెద్ద ప్రభువు రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. "దేశంలో ప్రతి ప్రభువు కొడుకూ తండ్రి ఎప్పుడు పోతాడా అని గోడ మీద కాలెండరు చూస్తాడు. నా కొడుకొక్కడే నా ఆయుష్షు కోసం మోకాళ్ల మీద పడి ప్రార్థిస్తాడు. పాదిరీ గారు చర్చిలో నిన్ను చూపించి మిగతా కొడుకులకి బుద్ధి చెబుతున్నాడు. నిన్నగాక మొన్న ఆయనే నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు."

"అందులో తప్పేముందండీ?"

"మీ పార్టీ విప్ ప్రతి సోమవారం నాకు టెలిగ్రాం కొడతాడు. 'ప్రభువు గారి ఛాతీ ఎలా ఉంది?' అని. నలభై ఏళ్ల కాపురంలో మీ అమ్మ అడగలేదు నా ఛాతీ సంగతి. సరే, గురువారం ఓటింగ్. గురువారం తరవాత?"

"తరవాత అంటే?"

"శుక్రవారం పొద్దున నేను ఊపిరి పీలుస్తున్నానో లేదో ఎవరు చూస్తారు?"

హాల్లో గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఇప్పుడు ఏం చెప్పాలో హెస్టర్‌కి తెలుసు, పిమ్లాట్‌కి తెలుసు, తలుపు సందులోంచి చూస్తున్న మిసెస్ క్లెగ్‌కి కూడా తెలుసు. లయనెల్ నోరు తెరిచాడు.

"శుక్రవారం కమిటీ ఉంది," అన్నాడు.

అనాలని అన్నది కాదు. రోజు పేరు వినబడితే ఆ రోజు కార్యక్రమం చెప్పెయ్యడం పద్దెనిమిదేళ్ల అలవాటు.

పెద్ద ప్రభువు తల ఊపాడు. "పిమ్లాట్, నా బూట్లు," అన్నాడు.

* * *

బూట్లు కనబడలేదు.

లయనెల్ పిమ్లాట్‌ని పక్కకి లాగి, బూట్లు దాచెయ్యమని గుసగుసగా చెప్పాడు. "నేనూ అదే అనుకుని వెళ్లాను చిన్నదొరగారూ," అన్నాడు పిమ్లాట్. "నాకంటే ముందే ఎవరో దాచేశారు."

మిసెస్ క్లెగ్ ముక్కు ఎగబీల్చి, "నా టోపీ పెట్టెలో ఉన్నాయి. జన్మలో ఎవరూ చూడరు," అంది. చేసిన తప్పు దిద్దుకునే తొందరలో బూట్ల బురద ఎక్కడ అంటుకుంటుందో ఆవిడ ఆలోచించలేదు. ఆ సంగతి ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు తెలుస్తుంది.

"అమ్మా, మొదటిసారి మంచి పని చేశావు," అంది హెస్టర్.

"మొదటిసారేంటే! నిన్ను కన్నాను."

అంతలో పెరటి వైపు తలుపు చప్పుడైంది. అందరూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు. పెద్ద ప్రభువు గుర్రపుశాల వైపు నడుచుకుంటూ వెళ్తున్నాడు. ఎర్ర కోటు, తెల్ల పంట్లాం, కాళ్లకి గులాబీ పూల తివాచీ చెప్పులు. క్రిస్మస్‌కి వియ్యపురాలు బహుమతిగా ఇచ్చినవి.

"మా మిల్లు సరుకే!" అంది మిసెస్ క్లెగ్. "చూశారా, బురదలో కూడా రంగు పోవడం లేదు."

ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఆవిడే మళ్లీ, "అయ్యో, పడతారేమో!" అంది.

"నేను వెళ్తాను," అన్నాడు లయనెల్.

"మీరొద్దు," అంది హెస్టర్. "మీరు వెళితే శనివారం కార్యక్రమం చెబుతారు."

శాలువా కప్పుకుని ఆమే బయటికి నడిచింది.

* * *

గుర్రం ఎక్కడానికి వేసిన రాతి దిమ్మ మీద నిలబడి ఉన్నాడు పెద్ద ప్రభువు. బిషప్ జీనుతో సిద్ధంగా ఉంది. సాయిసు కళ్లెం పట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. చాలా సేపట్నించి చూస్తున్నట్టున్నాడు, మెడ నెప్పెట్టి ఒక పక్కకి వాల్చాడు.

"ఇంకా బయల్దేరలేదా మావయ్యగారూ?"

"మాట్లాడుతున్నాను," అన్నాడు ఆయన.

"ఎవరితో?"

"బిషప్‌తో. పది నిమిషాల్నించి నా ఉద్దేశాలు దానికి వివరిస్తున్నాను." గొంతు తగ్గించాడు. "కాలు లేవడం లేదమ్మాయ్. ఎవరితోనూ అనకు."

హెస్టర్ నవ్వు ఆపుకోవాలనుకుంది. కుదర్లేదు. ఆయన కోపంగా చూశాడు. తరవాత ఆయనకీ కుదర్లేదు. సాయిసుని గుర్రాన్ని నాలుగడుగులు నడిపించమని పంపేసి, దిమ్మ మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. ఆమె కూర్చుంది. రాయి తడిగా ఉంది. ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

"మా అమ్మ తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను."

"మీ అమ్మ మీద నాకేం కోపం లేదు. ఈ ఇంట్లో నేను పోతానని మొహాన చెప్పింది ఆవిడొక్కతే. మిగతావాళ్లు నేను గాజు కూజా అన్నట్టు చుట్టూ మునివేళ్ల మీద తిరుగుతారు."

"మరి ఆయన మీద?"

ఆయన చెప్పు అంచున బురద చూసుకున్నాడు. "నేనూ కామన్స్‌లో ఉండేవాణ్ణి, తెలుసా?"

"తెలీదండీ."

"ఎవరికీ తెలీదు. ఇరవై ఏడేళ్లప్పుడు. ఉప్పు మీద పన్ను తియ్యాలని బుధవారం నేను మాట్లాడాలి. నాలుగు నెలలు రాశాను. అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను. దిళ్లు పెట్టుకోవడం నాకు తట్టలేదు, వాడిది మంచి ఆలోచనే. సోమవారం మా నాన్న వంటమనిషి మీద అరుస్తూ అరుస్తూ పోయాడు."

"అయ్యో."

"రెండు రోజులు ఆగలేకపోయాడు! ఆ మంగళవారం నాకు కన్నీళ్లొచ్చాయి. అందరూ తండ్రి కోసం అనుకుని వీపు నిమిరారు. ఆ ఉపన్యాసం ఇంకా నా సొరుగులో ఉంది. పన్ను తరవాత వేరేవాళ్లు తీసేశారు. ఒకడు మాట్లాడాడు కూడా. నా ఉపన్యాసంలో సగానికి కూడా రాదు."

"అయితే ఆయన భయం మీకు తెలుసు కదండీ. తెలిసీ గుర్రం ఎక్కుతానంటున్నారు."

"ఎక్కలేదుగా," అన్నాడు ఆయన నొచ్చుకుని.

గేటు వైపు నించి వేట కుక్కల అరుపులు మొదలయ్యాయి.

"ఆ బిల్లు నేను చదివాను," అన్నాడు. "రెండుసార్లు. కిందటి నవంబర్లో. వాడు క్రిస్మస్‌కి వస్తాడు, అడుగుతాడు అనుకున్నాను. వచ్చాడు. వచ్చి, 'నాన్నగారూ, దగ్గెలా ఉంది?' అన్నాడు. బాగుందన్నాను. వెళ్లిపోయాడు. అప్పణ్ణించీ దగ్గు గురించే మాట్లాడుకుంటున్నాం మేమిద్దరం. ఇప్పటికి దాని గురించి చెప్పుకోవలసినవన్నీ అయిపోయాయి."

"బిల్లు గురించి మీరేం అనుకుంటున్నారు మావయ్యగారూ?"

"నువ్వు అడక్కు. వాణ్ణి అడగమను."

* * *

హాల్లో లయనెల్ పై కోటు తొడుక్కుని, ఉపన్యాసం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం ముందు స్టేషన్ బండి సిద్ధంగా ఉంది.

"ఎక్కారా?"

"లేదు. ఎక్కరు కూడా," అంది హెస్టర్. "మీరు వెళ్లి ఒక మాట అడిగితే చాలు. బిల్లు ఎలా ఉందని. ఆయన చదివారు."

"నాన్నగారినా? తొమ్మిదేళ్లుగా ఆయన ఈ గేటు దాటలేదు! పెద్దల సభ మొహం చూసి ఎన్నాళ్లయిందో! ఇద్దరు ఇంజనీర్లు, ఒక కమిషను, నూట నలభై మంది సాక్షులు... ఆయన కొత్తగా చెప్పేదేముంటుంది?"

"నాకు తెలీదు. అడగండి."

"అల్లుడుగారూ," అంది మిసెస్ క్లెగ్. "మా ఆయన మిల్లులోకి కొత్త మగ్గం కొన్నప్పుడల్లా పాత మేస్త్రీని పిలిచి ఒక మాట అడిగేవాడు. సలహా కోసం కాదు, ముసలాడు అలగకుండా ఉంటాడని. తమాషా ఏంటంటే, ఒక్కోసారి సలహా కూడా పనికొచ్చేది."

లయనెల్ అత్తగారి వైపు చూశాడు. నెలన్నరలో మొదటిసారి ఆవిడ మాట పూర్తిగా విన్నాడు. గడియారం చూసుకుని పెరటి తలుపు తీశాడు. వెనక హెస్టర్, ఆమె వెనక మిసెస్ క్లెగ్, ఆవిడ వెనక దొరగారికి గొడుగు పట్టుకుని పిమ్లాట్. అల్లంత దూరం నించి చూస్తే ఊరేగింపులా ఉంది.

పెద్ద ప్రభువు దిమ్మ మీద నించి లేవలేదు.

"నాన్నగారూ." లయనెల్ గొంతు సవరించుకున్నాడు. "మీరు నా బిల్లు చదివారట."

"రెండుసార్లు."

"ఎలా... ఎలా ఉందండీ?"

పెద్ద ప్రభువు కొడుకుని తేరిపార చూశాడు. చాలా కాలంగా ఎదురుచూసిన ఫలహారం బల్ల మీదికి వచ్చినప్పుడు మనిషి కాసేపు దాన్ని చూస్తాడు.

"భాష బాగుంది," అన్నాడు చివరికి. "అక్కడక్కడ సాగదీశావు."

"సంతోషం నాన్నగారూ."

"అది పెద్దల సభకి వచ్చిన రోజున నేను వెళ్లి వ్యతిరేకంగా ఓటేస్తాను."

గొడుగు పిమ్లాట్ చేతిలో ఒక పక్కకి ఒరిగింది. లయనెల్ మెడ దగ్గర్నించి ఎర్రబడడం మొదలుపెట్టాడు.

"అంటే మన నదిలో నీళ్లు మిల్లు జనం తాగడం మీకిష్టం లేదన్న మాట."

"ఇష్టమే. నీళ్లుంటే."

"ఉంటే అంటే ఏంటండీ?"

"ఆ ఉపన్యాసంలో మూడో పేజీ తియ్యి. బల్ల మీద పెట్టి పోతే అదీ చదివాను."

లయనెల్ తీశాడు.

"చదువు."

"'వెస్క్ నది ఏడాది పొడుగునా నిండుగా ప్రవహించునని నేను స్వయముగా ఎరిగినవాడను...'"

"నిండుగా అని ఎవరన్నారు?"

"కొలిపించానండీ! గాలి మాట కాదు. రెండేళ్లు వరసగా. ఇంజనీర్ల పక్కన నేనే నిలబడి, మోకాలి లోతు నీళ్లలో దిగి మరీ..."

"ఎప్పుడు?"

"సభకి సెలవులిచ్చినప్పుడు. క్రిస్మస్‌కి ఇంటికి వచ్చాను కదా, అప్పుడు. రెండుసార్లూ."

"లయనెల్," అన్నాడు ముసలాయన. గొంతులో వెటకారం లేదు. "నీ జన్మలో ఒక్క జూలై నెలన్నా ఈ ఇంట్లో ఉన్నావా?"

లయనెల్ నవ్వబోయి ఆగాడు.

హెస్టర్ లెక్క వేసుకుంది. పెళ్లయ్యాక ఒక్కసారీ లేరు. ఫిబ్రవరి నించి లండన్‌లో సభ. జూలైలో విందులు, ఆగస్టులో సభ ముగియగానే స్కాట్లాండ్‌లో పిట్టల వేట, సెప్టెంబర్లో ఇంకొకరి ఇంట్లో అవే పిట్టలు. అంతకు ముందు కాలేజీ. అంతకు ముందు బడి. అంతకంటే ముందు ఆయాతో సముద్రపు గాలికి. వాళ్లే కాదు, వాళ్లెరిగిన వాళ్లెవరూ వేసవిలో సొంత ఊళ్లో ఉండరు. ఉంటే డబ్బు చాల్లేదనుకుంటారని భయం. వేసవిలో వెస్క్‌డేల్‌లో మిగిలేది ముసలివాళ్లూ, పనివాళ్లూ, గొర్రెలూ. కమిషన్‌ ముందు సాక్ష్యం చెప్పిన నూట నలభై మందిలో వీళ్లెవరూ లేరు.

"జూన్ సగానికి రాళ్లు బయటపడతాయి," అన్నాడు పెద్ద ప్రభువు. "జూలై వచ్చేసరికి పిమ్లాట్ నదిలో నాకు కుర్చీ వేస్తాడు."

"నది ఒడ్డునా?" అన్నాడు లయనెల్.

"నదిలో. నడి మధ్యన. అక్కడ గాలి బాగా తగుల్తుంది. పేపర్ చదువుకుంటాను. నువ్వేం మాట్లాడావో అందులోనే తెలుస్తుంది నాకు."

లయనెల్ పిమ్లాట్ వైపు తిరిగాడు. అది నిజం కాకూడదని ఆ చూపులో బతిమాలుతున్నట్టుంది.

"అవును చిన్నదొరగారూ," అన్నాడు పిమ్లాట్. "కిందటేడు బల్ల కూడా వేశాం. టీకి వీలుగా ఉంటుందని."

బిషప్ మోకాలు మార్చుకుని నిలబడింది.

"చెప్పలేదేం నాన్నగారూ?"

"దగ్గు తగ్గిందన్నానుగా. నువ్వు అడిగినవన్నీ చెప్పాను."

మిసెస్ క్లెగ్ మెల్లగా, "అయితే మా ఊరికి నీళ్లు రావా?" అంది. ఆ మాటలో ప్రభువులూ లేరు, కార్డులూ లేవు. క్రాగ్లీ పంపు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి గొంతు అది. హెస్టర్ తల్లి చెయ్యి పట్టుకుంది.

"వస్తాయి వియ్యపురాలా. పైన లోయకి కట్ట వేసి చలికాలం నీళ్లు నిలవబెడితే వస్తాయి. నా పొలాలు నూరెకరాలు మునుగుతాయి. అది వీడి బిల్లులో లేదు. గొట్టాలున్నాయి. జూలైలో ఆ గొట్టాల్లోంచి ఈల వినబడుతుంది."

"కట్ట పెట్టాలంటే బిల్లు మొదట్నించీ రాయాలి," అన్నాడు లయనెల్. "మళ్లీ ఎనిమిదేళ్లు. ఓట్లు కూడగట్టాను. ఒక్కొక్కణ్ణీ భోజనానికి పిలిచి, వాడి కుక్కల కథలన్నీ విన్నాను. ఈ పేజీ ఇలాగే చదివితే గురువారం నెగ్గుతాను." చేతిలో కాగితం వైపు చూశాడు. "సభలో జూలై సంగతి ఒక్కడికీ తెలీదు. వాళ్లెవరూ ఇళ్ల దగ్గర ఉండరు."

"పెద్దల సభలో ఒకడికి తెలుసు," అన్నాడు తండ్రి.

తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ఇద్దరి చూపుల్లో దగ్గు ప్రసక్తి లేకపోవడం హెస్టర్ ఎరిగినంతలో అదే మొదటిసారి. భయమేసింది. బాగుంది కూడా.

ముందు వైపు నించి బండివాడు కేక వేశాడు. రైలుకి అరగంటే ఉంది.

పెద్ద ప్రభువు చెయ్యి చాపాడు. పిమ్లాట్ పట్టుకుని లేవదీశాడు.

"నా పెట్టె సర్ది వెనకాల పంపు పిమ్లాట్. లండన్ వెళ్తున్నాను."

"ప్రయాణం వద్దని డాక్టరు గారు చెప్పారు దొరగారూ."

"ఆయన్ని కూడా సర్దు."

"నాన్నగారూ!" అన్నాడు లయనెల్. "రైల్లో అయిదు గంటల ప్రయాణం. ఈ చలిలో! మీకేమన్నా అయితే..."

"గురువారం దాకా ఏమీ కాదు. మాటిస్తున్నాను."

"లండన్లో మీరేం చేస్తారు?"

"గురువారం గ్యాలరీలో కూర్చుని నీ ఉపన్యాసం వింటాను. ఆ తరవాతేం చేస్తానన్నది నువ్వు మూడో పేజీ ఏం చేస్తావో దాన్ని బట్టి ఉంటుంది."

అని ఆయన తివాచీ చెప్పులతో టపటపా బండి వైపు నడిచాడు. గుర్రం ఎక్కడానికి లేవని కాలు బండి ఎక్కడానికి లేచింది.

లయనెల్ కదల్లేదు. అతన్ని మోచెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చింది.

ఇద్దర్నే పంపడానికి మనసొప్పక హెస్టర్ కూడా బండెక్కి మధ్యలో కూర్చుంది. కుడి పక్క మామగారు కిటికీలోంచి వేటగాళ్లకి చెయ్యి ఊపుతున్నాడు. ఎడమ పక్క భర్త ఇంకో కిటికీలోంచి ఏమీ లేని పొలాలు చూస్తున్నాడు. మూడో పేజీ పట్టుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. అది ఆమె ఒళ్లో ఉంది.